పాదిరి తాత వేపచెక్క పెట్టె

ఆ రోజుల్లో మా వైపు డిగ్రీ చదివిన కుర్రాడికీ వానమబ్బుకీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరినీ చూసి జనం కాసేపు ఆశపడేవారు, తర్వాత ఎవరి పనికి వాళ్ళు పోయేవారు. కొత్త శతాబ్దం వచ్చేస్తోందని రేడియోలన్నీ ఊదరగొడుతుంటే, మా బెళుగుప్ప చుట్టుపక్కల మెట్ట చేలకు పాత శతాబ్దంలో రావలసిన వానలే ఇంకా రాలేదు. బి.ఏ. అయ్యాక రెండేళ్ళు మా నాయన మొహం నేనూ, నా మొహం మా నాయనా చూసుకుంటూ కూర్చున్నాం. అప్పుడు వచ్చింది కబురు, పాదిరి తాతకు మాటసాయానికి మనిషి కావాలని. ఇంట్లో ఆంజనేయస్వామి పటానికి దండం పెట్టుకుని ఇంటర్వ్యూకి బయల్దేరాను. "ఏ సామి దగ్గరైతే ఏమప్పా, పని దొరికితే సాలు" అన్నాడు మా నాయన.

పాదిరి తాత అంటే ముప్పై ఏళ్ళ కిందట ఏదో చలిదేశం నుంచి వచ్చి, ఊరికి మైలు దూరంలో గుట్ట పక్కనున్న రాతి బంగళాలో ఒంటరిగా ఉండిపోయిన తెల్లాయన. ఆరడుగుల మూడంగుళాల మనిషి. ఆయనకు తెలుగు రాదనుకునేరు. బ్రహ్మాండంగా వచ్చు, చిక్కంతా అదే. వచ్చిన కొత్తలో ఏ పండితుడి దగ్గర నేర్చుకున్నాడో గానీ, దారిలో కనబడిన ముసలమ్మను ఆపి "అమ్మా, మీ మేక ఈనినదా? పిల్లలు క్షేమముగా నున్నవా?" అని అడిగేవాడు. ఆమె బిత్తరపోయి దండం పెట్టేది. మా మాట ఆయనకు బాగా అర్థమయ్యేది, ఆయన మాటే మాకు అందేది కాదు. అంచేత ఆదివారం ప్రార్థనలో ఆయన చెప్పే తెలుగును జనం కోసం తెలుగులోకి మార్చడం నా ఉద్యోగం. (పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే అనువాదకుణ్ణని చెప్పుకునేవాణ్ణి.)

ఇంటర్వ్యూలో ఆయన నన్ను మైకు పక్కన నిలబెట్టి, కిందినుంచి పైదాకా చూసి, "సరిగ్గా సరిపోవుచున్నావు" అన్నాడు. అంతే. చదువు గురించి గానీ దేవుడి గురించి గానీ ఒక్క ముక్క అడగలేదు. నా పొడుగు చూసి ఊళ్ళో నన్ను నిట్రాడు అని పిలిచేవారు, గుడిసె నడిమధ్యన నిలబెట్టే గుంజ అన్నమాట. ఆ పొడుగుకు మొదటిసారి విలువ దొరికిందని మురిసిపోతూ వంటింట్లోకి వెళ్తే, అక్కడ వండిపెట్టే ఆమె, మేమంతా వంటక్క అనేవాళ్ళం, నన్ను చూసి రొట్టె చేస్తున్న చేయి ఆపేసింది.

"నీ ఎత్తు యాలకు చూసినాడనుకున్నావప్పా?" అంది. "లోపల పెట్టె ఉండాది, పోయి చూడు."

చూశాను. వెనక గదిలో, తెల్లగుడ్డ కప్పిన వేపచెక్క శవపేటిక. డెబ్బై నిండినప్పుడు, తాను పోయాక ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని పాదిరి తాత ముందుగానే చేయించుకున్నదట. చేయించుకున్న మనిషి పోలేదు గానీ కరువు వచ్చింది. కరువులో ఆకలికి ముందుగా పోయేది ఇంట్లో దాచిన విత్తనమే కదా. అది చూడలేక ఆయన పన్నెండిళ్ళ వాళ్ళను ఒప్పించి, వాళ్ళ జొన్న, కంది, కొర్ర విత్తనాల మూటలను బూడిద చల్లి, వేపాకు పరిచి ఆ పెట్టెలో దాచాడు. వాన పడేదాకా ఎవరూ తీయకూడదన్నది ఒప్పందం. తాళం వేయలేదు, నమ్మకమే తాళం అనేవాడు. జనానికి ఆ నమ్మకం సంగతి తెలియదు. బతికున్న మనిషి కోసం చేసిన పెట్టె మనిషి కోసం కాచుకుని ఉంటుందనీ, కొలతకు సరిపోయినవాడు తెరిస్తే మింగేస్తుందనీ మాత్రం తెలుసు. వంటక్క లెక్క ప్రకారం ఆ కొలతకు సరిపోయేవాళ్ళం ఊళ్ళో ఇద్దరమే, పాదిరి తాతా, నేనూ.

మా వైపు దయ్యాలకు అర్ధరాత్రితో పనిలేదు. ఎండ నడినెత్తికెక్కి, మనిషి నీడ వాడి కాళ్ళ కిందికే దూరిన వేళ చాలు. ఆ వేళకు గుట్ట మీద కాకి కూడా అరిచేది కాదు. ఎర్రటి సుడిగాలి ఒకటి చేలల్లో లేచి, ఎవరి ఇల్లో వెతుక్కుంటున్నట్టు బంగళా చుట్టూ తిరిగి, వాకిట్లో ఆగిపోయేది. సరిగ్గా అప్పుడే పాదిరి తాత ఒక్కడే వెనక గదిలోకి వెళ్ళేవాడు. టక్, టక్ అని రెండుసార్లు పెట్టెను తట్టి, కాసేపు ఆగి, ఏదో గొణుక్కుని మూత తెరిచేవాడు. ఎందుకు తడతారని అడిగితే "లోపల తేళ్ళున్న యెడల ముందుగా తెలియజేయుట మర్యాద గదా" అన్నాడు. వంటక్క నమ్మలేదు. "లోపలుండేటోళ్ళను అడిగి తెరుస్తాండాడు" అంది. పొద్దున నేను తేళ్ళ మాటే నమ్మేవాణ్ణి. మధ్యాహ్నం మాత్రం వంటక్క మాట నమ్మేవాణ్ణి.

పాపం, ఆయన కష్టం ఆయనది. ప్రతి ఆదివారం బంగళా ముందు జొన్నచొప్ప కప్పిన పందిట్లో నిలబడి "దయ్యములకు భయపడవలదు" అని గొంతు పోయేలా చెప్పేవాడు. నేను అంతకంటే గట్టిగా తెలుగులో చెప్పేవాణ్ణి. జనం శ్రద్ధగా తలలూపి, ఇళ్ళకు పోతూ వెనక గది గోడకు పదడుగుల దూరం నుంచి చుట్టూ తిరిగి పోయేవారు. వాళ్ళందరికంటే ముందు నేనే అలా తిరిగి పోయేవాణ్ణి.

ఒకరోజు ఆయన ఈ దేశంలో ఉండటానికి ఏటేటా తెచ్చుకోవలసిన కాగితాల కోసం అనంతపురం వెళ్తూ, పెట్టె బాధ్యత నాకు అప్పగించాడు. మధ్యాహ్నం వేళ మూత తీసి మూటలు తిప్పి పెట్టాలి. నేను పొద్దున్నుంచీ వాయిదా వేస్తూ వచ్చి, పన్నెండున్నరకు ఆంజనేయస్వామినీ యేసుప్రభువునూ కలిపి తలుచుకుని (ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు వస్తారని) గదిలోకి వెళ్ళాను. తెల్లగుడ్డ కింద పడి ఉంది. గాలి లేదు. చల్లగా, వేపాకు చేదు వాసన. వేలితో రెండుసార్లు తట్టాను. టక్, టక్.

లోపల్నుంచి జవాబు వచ్చింది. టక్, టక్.

నేను పారిపోయానని చెప్పుకోవాలనుంది, కానీ కాళ్ళు అందుకు ఒప్పుకోలేదు. మూత తనంతట తానే మెల్లగా లేచింది. అంచు మీదికి బూడిదరంగు చేయి ఒకటి వచ్చింది. ఆ వెనక బూడిదరంగు తల, రెండు ఎర్రటి కళ్ళు, జుట్టులో ఎండిన వేపాకులు. నేను గోడకు జారిపోయి కూలబడ్డాను. నా అరుపుకు వంటక్క రొట్టెల పెనం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"అరవొద్దప్పా, నేనే" అంది ఆ ఆకారం. మబ్బుల మామ. పొద్దస్తమానం ఆకాశం చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పే రైతు. (ఒక్కసారీ నిజం కాలేదు, అయినా అడిగేవాళ్ళం.)

"లోపల్నుంచి యాల తట్టినావు మామా?" అన్నాను.

"నువ్వు తట్టినావు కదప్పా. పలక్కపోతే బాగుండదని."

విషయం ఏమిటంటే, ఆయన ఎద్దు మూడు రోజులుగా లేవలేక పడి ఉంది. తన జొన్న విత్తనం తీసుకుపోయి గంజి కాచి తాపుదామని వచ్చి, నా అడుగుల చప్పుడుకు లోపల దూరి మూటల మీద పడుకున్నాడు. "ఇత్తనముండి ఎద్దు లేకుంటే ఎట్ల ఏసేది? ఎద్దుండి ఇత్తనం లేకుంటే ఏం ఏసేది? నాకు తెలీలేదప్పా" అన్నాడు. ఒళ్ళంతా బూడిదైనా కన్నీళ్ళు జారిన చోట మాత్రం రెండు చారలు నల్లగా కనబడ్డాయి. నా భయం పోయింది. ఆయన మూట ఆయన పట్టుకుపోవచ్చు. కానీ ఆ పెట్టె తెరిచినా ఏమీ కాదని తెలిస్తే మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళూ వస్తారు. వాళ్ళ పిల్లలకూ ఆకలే. వాన పడిననాడు ఊళ్ళో గింజ ఉండదు. వంటక్క పెనం కింద పెట్టి, ఇంట్లో ఉన్న రాగిపిండితో గంజి కాచి ఆయన చేతికిచ్చింది. మూట పెట్టెలోకే పోయింది. ఎవరికీ చెప్పకూడదని ముగ్గురం ఒట్టు పెట్టుకున్నాం.

ఒట్టు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. నా అరుపు గుట్ట అవతల మేకలవాళ్ళకు వినబడిందట. నిట్రాడిని పెట్టె మింగబోయిందనీ, వంటక్క పెనంతో కొట్టి లాక్కొచ్చిందనీ ఊరంతా పాకింది. తిరిగొచ్చిన పాదిరి తాతకు ఎద్దు సంగతితో సహా జరిగిందంతా మేమే చెప్పేశాం. "ముప్పది సంవత్సరములు భయపడవలదని చెప్పితిని. నా పెట్టెనే దయ్యముగా చేసితిరి" అన్నాడు. ఆ గొంతు విని నాకు సిగ్గేసింది.

ఆదివారం పందిట్లో ఆయన అన్నాడు: "ఆ పెట్టెలో దయ్యము లేదు. ఎవరైనను తెరువవచ్చును. మీ విత్తనము మీది. వర్షము కురియు వరకు తీయవలదని వేడుకొనుచున్నాను."

మార్చి చెప్పాల్సింది నేను. ఎదురుగా పన్నెండిళ్ళ వాళ్ళు, లోపలికి పోయిన కడుపులతో. మైకు పట్టుకుని, "పెట్టె జోలికి ఎవురూ పోవద్దండి. నాకేమైందో మీకు తెల్సు గదా" అన్నాను.

పాదిరి తాత మైకు తనవైపు లాక్కున్నాడు. "ఇతడు అబద్ధమాడుచున్నాడు" అన్నాడు. అంత శుద్ధమైన మాట కూడా ఆ రోజు అందరికీ అర్థమైపోయింది. ఎక్కడినుంచో ఎర్ర సుడిగాలి వచ్చి వాకిట్లో ఆగింది. అప్పుడు మబ్బుల మామ లేచి నిలబడ్డాడు. "దయ్యం లేదు. నేను పండుకొని చూసినా. సల్లగా ఉండాది" అన్నాడు, దొంగనంటారేమోనని వణుకుతూనే. ఎవరూ దొంగనలేదు. పాదిరి తాత ప్రార్థన అక్కడితో ఆపి, డెబ్బై దాటిన ఆ మనిషి, బల్ల ఎక్కి పందిటి మీది చొప్ప పీకడం మొదలుపెట్టాడు. మబ్బుల మామ ఎద్దుకు మేత. ఆ సాయంత్రానికి పందిరి గుంజలే మిగిలాయి. తర్వాతి ఆదివారాలన్నీ ఎండలోనే, ఆయన మెడ కందిపోయి తోలు ఊడేది. ఎద్దు లేచింది. పెట్టెలోంచి ఒక్క మూటా పోలేదు, తాళం లేకపోయినా, దయ్యం లేకపోయినా. వాన ఆలస్యంగా, ఒక ప్రార్థన మధ్యలో వచ్చింది. పైన కప్పులేదని గుర్తొచ్చినా ఒక్కరూ లేవలేదు. మైకు మాత్రం ఆ రోజుతో సరి. స్టాండు మర తుప్పుపట్టి తన ఎత్తులోనే బిగుసుకుపోయిందనీ, నాకు ముందు ఈ పని చేసిన కుర్రాడు ఇటుకలెక్కి మాట్లాడేవాడనీ, అందుకే నా ఎత్తు చూశాననీ ఆయన అప్పుడు చెప్పాడు.

కొన్నేళ్ళకు, మళ్ళీ వాన ముఖం చాటేసిన ఏడాది, పాదిరి తాత పోయాడు. పెట్టె నిండా విత్తనాలు. ఆయన రాసిపెట్టిన కాగితంలో ఒకే వాక్యం: "పెట్టె ఖాళీగా నున్న యెడల మాత్రమే నన్ను అందులో నుంచవలెను." గొర్రెలు కాసే కురుబవాళ్ళు నేసిన నల్లకంబళిలో చుట్టి గుట్ట పక్కన పూడ్చాం. నేను ఏడ్చాను. మట్టి వేశాక మబ్బుల మామ నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "ఒకటి అడగల్లనుకున్నానప్పా శానా దినాల్నుంచి. ఆ పొద్దు లోపల్నుంచి నేను ఒక్కసారే తట్టినా. రెండోసారి తట్టింది నువ్వే కదా?"

నేను అవునన్నాను. మబ్బుల మామకు అబద్ధం చెప్పడం అదే మొదలు, అదే చివర.

ఆ పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. మా ఇంటిదాని గొణుగుడు ఎలా ఉన్నా, ఏటా విత్తనం దానిలోనే. దయ్యాలు లేవని పాతికమందికి నచ్చచెప్పగల వయసు నాకు వచ్చింది, ఈ నిట్రాడికి సగం జుట్టు ఊడింది, నడుము కాస్త వంగింది కాబట్టి ఇప్పుడు కొలతకు సరిపోనేమో కూడా. అయినా మూత తీసేముందు రెండుసార్లు తట్టి, కాసేపు ఆగుతాను. తేళ్ళ కోసమేనని ఇంట్లో చెబుతాను. ఎవరైనా పలికితే మాత్రం, ఈసారి అరవకుండా, క్షేమమేనా అని అడగాలని ఉంది.