మాస్టారు తొక్కిన చుక్కలు

ఊళ్లో కొత్తగా పెట్టిన కాన్వెంటులో వచ్చే జూన్‌లో చేర్పించాలని, మావారు మా నాలుగేళ్ల చిట్టికి ప్రైవేటు పెట్టించారు. నెల నుంచీ మాస్టారు రోజూ సైకిలు మీద రావడం, పలక మీద అంకెలు దిద్దించడం, నిట్టూర్చి వెళ్లడం.

ఈ సాయంత్రం నేను వాకిట్లో ముగ్గేశాక, మిగిలిన పిండి పుచ్చుకుని చిట్టి గుమ్మం ముందు చతికిలబడింది. ఐదు చుక్కలతో మొదలుపెట్టి, వరసకొకటి తగ్గించుకుంటూ ఒకటి దాకా పెట్టింది. అంతలో మాస్టారు వచ్చి, ఆ చుక్కల మీదుగా మహారాజులా నడిచి అరుగెక్కారు.

“అమ్మాయికి లెక్కలు ఎక్కట్లేదండి. ముందు ఈ మట్టిలో ఆటలు మాన్పించండి,” అన్నారు నాతో, కాఫీ అందుకుంటూ.

చిట్టి తల కూడా ఎత్తలేదు. “మాస్టారండీ, ఐదు చుక్కల వరసలో మూడు తొక్కేశారండి, నాలుగు చుక్కల దాంట్లో రెండు. ఇప్పుడు నేను మళ్లీ ఐదు పెట్టాలండి,” అంది.

మాస్టారు గ్లాసు పక్కన పెట్టి, కిందకి వంగి, వేలితో చూపించుకుంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. రెండోసారి కూడా పెట్టుకున్నాక, “సరిపోయిందండి,” అన్నారు.

ఆటలు మాన్పించమన్న పెద్దమనిషి మాట కాదనలేను. కానీ రేపు పలక ఎవరి ఒళ్లో పెట్టమంటారో మీరే చెప్పండి.