విత్తని జాగా

మందు కొట్టే యంత్రంలో పెట్రోలు పోస్తుంటే, ఆ వాసనకు ఇవాళ కూడా నా చేయి ఆగింది.

నా చిన్నప్పుడు కొడకండ్ల దగ్గరి మా పత్తి చెలకలో ఒక చిన్న శిక్షణ విమానం దిగబోయి బోల్తా పడింది. చెలకంతా పెట్రోలు వాసన. దాన్ని నడిపిన కుర్రవాడి తల ఒళ్లో పెట్టుకుని అవ్వ, "జర తాగు బిడ్డా" అంటూ నోట్లో నీళ్లు పోసింది. అవి పెదవుల పక్కనుంచి కారిపోయాయి. చనిపోయాడని తెలియక, దాహం లేదేమో అనుకున్నాను.

మరుసటి వానాకాలం అవ్వ విమానం పడిన ఆ జాగాలో విత్తనం పెట్టనివ్వలేదు.

"గీడ ఇంకో విమానం దిగుతదా అవ్వా?" అని అడిగాను.

"దిగుతది బిడ్డా. ఈసారన్న పైలంగ దిగాలె."

అది క్షేమంగా దిగాలని రోజూ బడి నుంచి రాగానే అక్కడి రాళ్లు ఏరేవాణ్ని. అవ్వ కూడా పక్కన కూర్చుని ఏరేది.

అవ్వ పోయింది. చెలక ఇప్పుడు నాది. ఏ విమానమూ రాదని తెలుసు. అయినా ఆ జాగాలో రాయి కనబడితే వంగి తీసి గట్టు మీద వేస్తాను.