పడ్డకాడ నీళ్లు

నాగర్‌కర్నూల్‌లో మా వీధి చివర ఫ్లెక్సీలు ముద్రించే దుకాణం ఒకటుంది. కరెంటు పోయినప్పుడల్లా వాళ్లు జనరేటర్ వేస్తారు. ఆ పెట్రోలు పొగ మా కిటికీలోంచి లోపలికి రాగానే ఉలిక్కిపడి కిటికీ మూసేస్తాను. మనవరాలిని ఎత్తుకునే వయసొచ్చింది, పొగకు భయపడతావేందని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ, ఆయన ఆ బొమ్మ చూడలేదు.

మాది అమరచింత దగ్గర చిన్న ఊరు. దసరా దాటగానే మేస్త్రి వచ్చి మగవాళ్లను బొంబాయికి బిల్డింగు పనులకు తీసుకుపోయేవాడు. మా నాయిన కూడా పోయేవాడు. ఇక చలికాలం సాయంత్రాలన్నీ మాకు ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయల వాసనతో, క్రిస్మస్ దగ్గరపడుతుంటే తీపి గరిజెలు కాలే నూనె వాసనతో, చర్చి గోడకు కొత్తగా వేసిన సున్నం వాసనతో గడిచేవి. తొక్కుడుబిళ్ల ఆడుతూ ఎవరం బోర్లా పడినా మా అవ్వ, అంటే నాయిన తల్లి, ముందు మమ్మల్ని లేపేది కాదు. చెంబుతో నీళ్లు తెచ్చి పడ్డచోట పోసేది.

"భూమికి దూప తీరితె మల్ల పిలువదు" అనేది. దాహమేసిన భూమే మనిషిని కిందికి పిలుస్తుందని ఆమె నమ్మకం. మోకాళ్లు చీరుకుపోయి మేం గుక్కపెట్టి ఏడుస్తున్నా, ఆ నీళ్లు ఇంకాకే మా దగ్గరికి వచ్చేది.

ఒక ఏడు క్రిస్మస్ ముందు పాస్టరయ్య పట్నం నుంచి ప్రొజెక్టరు, జనరేటరు తెప్పించి, చర్చి ముందర తెల్లగుడ్డ కట్టించాడు. ఏసయ్య సినిమాకు ముందు జనం పోగవ్వాలని పాతకాలపు నవ్వుల బొమ్మ ఒకటి వేశారు. మాటల్లేవు, పాటల్లేవు, వెనక జనరేటరు మోతా పొగా తప్ప. బిగుతు కోటు వేసుకున్న బక్కోడొకడు సున్నం బకెట్ పట్టుకుని ఎత్తైన గోడకు కట్టిన బొంగుల మీద పరుగెత్తుతున్నాడు, కింద లావుపాటి పోలీసు ఆ బొంగులు పట్టి ఊపుతున్నాడు, పిల్లలేమో కందితొక్కలు ఊసేస్తూ పడీపడీ నవ్వుతున్నారు. బక్కోడి కాలు జారింది. పడుతూ పడుతూ నోరు ఇంత పెద్దగా తెరిచాడు. చప్పుడు రాలేదు.

మా నాయిన నిలబడేది అట్లాంటి బొంగుల మీదనే. అంత దూరంలో నాయిన పడి, నోరు తెరిచి అరిస్తే మాకు మాత్రం వినిపిస్తుందా? ఈపాటికే పడ్డాడేమో, మేమిక్కడ కందికాయలు తింటూ కూర్చున్నామేమో. అవ్వ కొంగు పట్టుకుందామని చెయ్యి చాపితే పక్కన అవ్వ లేదు.

చర్చి కుండలోంచి చెంబు ముంచుకుని, అందరినీ దాటుకుంటూ పోతోంది. ఆమె నీడ గుడ్డనంతా కమ్మేసింది. జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె గుడ్డ కింద, బక్కోడు పడ్డచోట, వంగి నీళ్లు పోసింది.

"అవ్వా, గది ఉత్త బొమ్మనే. వానికేం గాలె" అన్నాడు పాస్టరయ్య.

"బొమ్మనే గానీ అయ్యా. ఎవ్వని కొడుకో పడ్డడు గద."

నవ్వులు ఆగిపోయాయి. మొగుణ్ణి బొంబాయికి పంపిన మా పక్కింటామె లేచి, తనూ ఒక చెంబు ముంచుకుంది. ఆమె వెనక ఇంకొకామె. గుడ్డ మీద బక్కోడు ఎప్పుడో దులుపుకుని లేచి పరుగెత్తుతున్నాడు గానీ, మళ్లీ ఎవరూ నవ్వలేదు.

ఆ చలికాలమంతా నేను భయంతోనే బతికాను. ఊళ్లోకి కొత్త మనిషి వస్తే చాలు, ఏ కబురు తెచ్చాడోనని గాదె చాటున దాక్కునేదాన్ని. ఎండలు ముదిరాక నాయిన వచ్చాడు. సిమెంటుకు పగిలిన చేతులతో నన్ను ఎత్తుకుంటే చెవిలో అడిగాను.

"నాయినా, పడ్డవా?"

"పడ్తె వస్తనా బిడ్డా?" అని నవ్వాడు. దసరా దాటగానే మళ్లీ పోయాడు.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ తెల్లగుడ్డ, ఆ కుండ లేవు. నాయిన మా దగ్గరే ఉంటున్నాడు. మొన్న మంచం మీద కాళ్లు కిందికి పెట్టి కూర్చున్న ఆయన పక్కన చేరి మా మనవరాలు ఫోన్లో అట్లాంటి బొమ్మే చూస్తోంది. ఎవరో దానికి నవ్వుల చప్పుడు అతికించారు. ఇప్పటి పిల్లగాళ్లు కూడా అవే పడటాలు పడి ఫోన్లలో పెడుతున్నారు, పడే మనిషిని చూసి నవ్వడం మాత్రం పాతబడలేదు. బొమ్మలో మనిషి నిచ్చెన మీంచి పడ్డాడు. పిల్ల కిలకిలా నవ్వింది.

నాయిన నవ్వలేదు. "నా పక్క బొంగు మీద పనిచేసెటోడు గిట్లనే పడ్డడు. సప్పుడే రాలె" అన్నాడు.

"ఎప్పుడు నాయినా?"

"పడ్డవా అని అడిగినవ్ సూడు, గా యేడే. ఏ ఊరోడో, పేరు గూడ తెల్వదు."

వంటింట్లోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి మంచం ముందర పోశాను. పిల్ల నోరు తెరిచి నా వైపే చూసింది. మా ఊళ్లో అయితే మట్టి చిటికెలో తాగేసేది. ఇక్కడ టైల్స్ మీద ఆ నీళ్లు ఇంకలేదు. మెల్లగా పారి నాయిన పాదాల దాకా వెళ్లాయి. ఆయన కాళ్లు పైకి తీసుకోలేదు.