తీతువు అరిచిన పొలం

కారేపల్లి దాటాక చెరువు పక్కన బస్టాపు. సాయంత్రం బస్సుకు ఇద్దరమే ఉన్నాం, నేనూ, బొగ్గుబాయిలో రాత్రి డ్యూటీకి పోతున్న ఒకాయనా. బస్సు ఎంతకీ రాలేదు. నేను ఊరికే కూర్చోలేక బైనాక్యులర్ పట్టుకుని దున్నని పొలంలోకి దిగాను. నీటి అంచున కొంగలు, నీటికోళ్లు కనిపిస్తే నోట్‌బుక్కులో రాసుకున్నాను. ఇంతలో ఒక తీతువు నా తల మీద తిరుగుతూ ఒకటే అరుపు. ఇంత దగ్గర మళ్లీ దొరకదని సంబరంగా ఫోనులో ఫొటోలు తీస్తున్నాను.

"సార్, గాడనే ఆగుండ్రి! కాలు కదిలియ్యకుండ్రి!"

ఆయన చెప్పులు చేత పట్టుకుని గట్టు దిగి వచ్చాడు. నా బూటుకు జానెడు దూరంలో, పెళ్లల మధ్య, మట్టిరంగులోనే నాలుగు గుడ్లు.

సిగ్గు కప్పుకోవడానికి ఏదో ఒకటి అనాలి కదా. "ఇది అరిస్తే కీడంటారు. మీరేమో డ్యూటీకి పోతున్నారు" అన్నాను.

"అవ్, మా ఇంటామె ఇంటే నన్ను పోనియ్యదు. గుడ్ల మీదికి పోతే అది అరవదా సార్?"

మెడకు చుట్టుకున్న ఎర్ర దస్తీ విప్పి, ఒక కర్రకు కట్టి, గుడ్లకు కొంచెం అవతల పాతాడు.

"రేపు దున్నెటోనికి కనబడ్తది. బాయిల పైకప్పు కూలేటట్టుంటే గిట్లనే ఎర్రగుడ్డ కడ్తం. దాన్ని దాటి ఎవ్వడు పోడు."

బస్సులో దారి పొడుగునా మెడ మీది చెమట చేత్తోనే తుడుచుకున్నాడు.

ఇప్పుడు తీతువు అరిస్తే నేను బైనాక్యులర్ ఎత్తను. ముందు కాళ్ల కింద చూసుకుంటాను.