బల్ల మీద వేళ్ళు కొట్టిన వియ్యపురాలు

నూలు మిల్లులో మరమగ్గాల హోరు మధ్య వయసంతా గడిపిన ఫెంగ్‌షియాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో ఊహించడం అంతకన్నా చేతకాదు. అలాంటి మనిషిని "అమ్మా, ఆ ఒక్కరోజూ నోరు కట్టేసుకోవే" అని కూతురు యాన్నీ ఫోనులో బతిమాలింది.

యాన్నీ దక్షిణాన గ్వాంగ్‌డాంగ్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడి పిల్లవాణ్ణి మెచ్చింది. అతని తల్లి వాన్‌యీ, ఫెంగ్‌షియా ఉండే షియాన్ ఊరు చూడటానికి వస్తూ, పిల్ల తల్లిని కూడా చూశాకే పెళ్ళి మాట చెబుతానంది.

పొద్దున్నే కోట దక్షిణ ద్వారం దగ్గర ఇద్దరూ కలుసుకున్నారు. పక్కనే ఉన్న టీ కొట్లో ఫెంగ్‌షియా ఆవిడ కప్పులో వేడి టీ పోసింది. వాన్‌యీ ఆ టీతో కప్పును గిరగిరా తిప్పి కడిగి, పారబోసి, చక్కగా నవ్వింది.

'ఎంగిలి కప్పు పెట్టాననుకుందా!' ఫెంగ్‌షియా పళ్ళు బిగపట్టి మళ్ళీ పోసింది. ఈసారి వాన్‌యీ రెండు వేళ్ళతో బల్ల మీద టకటకా కొట్టింది. తొందరగా పొయ్యమనా? ఇంకా కావాలనా? ఎందుకైనా మంచిదని ఫెంగ్‌షియా కప్పు పొర్లిపోయేదాకా పోసింది. వాన్‌యీ నవ్వు చప్పున ఆగిపోయింది. ఎందుకాగిందో తెలిస్తే ఒట్టు. ఆవిడ తిరిగి తనకు పోసిన టీని ఫెంగ్‌షియా గటగటా తాగేసింది.

కోటగోడ మీద నడిచారు. "బాగుంది అక్కగారూ" అంది వాన్‌యీ. బజారులో వేయించిన పర్సిమన్ పళ్ళ అప్పం కొనిపెడితే ఒక్క ముక్క కొరికి, మిగతాది కాగితంలో చుట్టేస్తూ "బాగుంది" అంది. ఎర్రటి కారం కలిపిన చల్లని సేమ్యా తిని, కళ్ళ నీళ్ళు కారుతుంటే అప్పుడూ "బాగుంది" అనే అంది. ఏడుస్తూ బాగుందనే మనిషిని ఏమని నమ్మేది? కూతురు అడిగితే ఏమని చెప్పేది?

మధ్యాహ్నం గొర్రె మాంసం పులుసు తినడానికి ఫెంగ్‌షియాకు తెలిసిన ఓ ముసలాయన కొట్టుకి వెళ్ళారు. ముసలాయన ఇద్దరి ముందూ ఖాళీ గిన్నె, గట్టి రొట్టె పెట్టి పోయాడు. రొట్టెను ఎవరిది వాళ్ళు సెనగగింజంత ముక్కలుగా తుంచుకోవాలి. ఆ తరువాతే వంటింట్లో పులుసు పోస్తారు. వాన్‌యీ మళ్ళీ టీతో గిన్నె కడిగింది. తడి గిన్నెలో రొట్టెను నాలుగు పెద్ద ముక్కలు చేసి పడేసింది. ఆపైన ఫెంగ్‌షియా టీ పోయగానే బల్ల మీద టకటకలాడించింది.

ఫెంగ్‌షియా నోటి కట్టు తెగింది.

"ఏవమ్మా, ఇక్కడ నీకు పనిమనుషులెవరైనా కనబడ్డారా? పొద్దుణ్ణించీ ఒకటే టకటకా! పైగా నేను పెట్టించిన ప్రతి గిన్నెనూ కడుగుతావు!"

వాన్‌యీ వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి.

"టీ పోసినవాళ్ళకి అలాగేగా అక్కా దండం పెడతాం! కడుక్కోవడమంటారా, మా ఇంట్లో మా అమ్మ పెట్టినా కడుక్కునే తింటాం. మరి మీరో? నేనెన్నిసార్లు పోసినా ఒక్క వేలైనా ఆడించలేదు. పొద్దున నా కప్పు పొర్లించారు. మా వైపు అలా పోశారంటే ఇక లేచి వెళ్ళమనే. మా వాడు మీకు నచ్చలేదేమోనని అన్నం సయించడం లేదు నాకు!"

"నచ్చకపోతే నచ్చలేదనే చెబుతాను. నీ కప్పులో టీ ఒలకబోసి చెబుతానా?"

ఎవరూ క్షమించమనలేదు. ఫెంగ్‌షియా ఆవిడ గిన్నె లాక్కుని ఆ పెద్ద ముక్కలను చిన్నచిన్నగా తుంచసాగింది. "ఇలా ఇస్తే ఈ కొట్టు ముసలాయన నిన్ను కాదు, నన్ను తిడతాడు" అంది.

"మీ పిల్ల కూడా ఇలా మొహం మీదే అనేస్తుందా?"

"నేనే నయం."

పొగలు కక్కుతూ పులుసు వచ్చింది. వాన్‌యీ తన గిన్నెలోంచి మాంసం ముక్క తీసి ఫెంగ్‌షియా గిన్నెలో వేసింది. ఫెంగ్‌షియా ఆ ముక్కను ఎగాదిగా చూసింది. ఇదేమిటి? ఔననా, కాదనా?

"దీనికి మీ వైపు అర్థమేంటో అది కూడా చెప్పెయ్యి."

"అర్థమా? నాకు కొవ్వు పడదు, అంతే." వాన్‌యీ పులుసు ఊదుకుంటూ అంది, "వసంతంలో పెట్టుకుందాం పెళ్ళి. విందు మాత్రం మా ఊళ్ళో."

"మా ఊళ్ళో!" అంది ఫెంగ్‌షియా, నోట్లో కొవ్వు ముక్కతో.

"బాగుంది" అంది వాన్‌యీ.

ఎవరి ఊరు బాగుందో అడుగుదామనుకునేలోగా ఆవిడ మళ్ళీ పులుసు గిన్నె మీదికి తల వంచేసింది.