పటేలు రాసివ్వని బండి

నాకు ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో ఇంజను ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. నాయినకు సైకిలు, అమ్మకు నడక, నాకు ఆర్టీసీ బస్సు. కోస్గిలో ఎరువుల దుకాణంలో గుమాస్తాగా చేరిన కొత్తలో బస్సు తప్పితే ఎవరిదో బండి వెనకాల ఎక్కేవాణ్ణి. దిగేటప్పుడు వాళ్ళ మొహం చూసి ఒక నవ్వు నవ్వాలి. ఆ నవ్వంటే నాకు పరమ అసహ్యం.

మా నాయిన పద్దెనిమిదేళ్ళు ఊరి పటేలు దగ్గర పాలేరుగా జీతమున్నాడు. తెలంగాణ వచ్చిన మరుసటేడు పటేలు ఇల్లు సర్దుకుని హైదరాబాదుకు మారిపోయాడు. సామానంతా లారీకెక్కించాక పశువుల కొట్టంలో ఒక పాత మోటారు సైకిలు మిగిలింది. పటేలు పడుచుతనంలో తిరిగిన బండి. ఎన్నేళ్ళ నుంచి కదలలేదో గాని టైర్లు నేలకు అంటుకుపోయాయి, చిరిగిన సీటులో కోడి గుడ్లు పెడుతోంది. దీన్నీ ఎక్కించాలా అని నాయిన అడిగాడు.

"గా ఇనుప సామాను నాకెందుకుర? నువ్వే తీస్కపో. నీ కొడుకు ఏమన్న జేసుకుంటడు" అన్నాడట పటేలు, పదిమంది ముందర.

నాయిన దాన్ని ఎడ్లబండి మీద వేసుకుని వచ్చాడు. వాడంతా చూడ్డానికొచ్చింది. అమ్మ మాత్రం నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మనుషులు పండనీకే జాగ లేదు, గీ పీనుగను తెచ్చి వాకిట్ల పెట్టినవా?" అంది. నాకు మాత్రం అది పీనుగలా కనబడలేదు. ఆ రాత్రే దాని మీదెక్కి కూచుని హ్యాండిలు తిప్పి చూసుకున్నాను. నాది. నా జీవితంలో మొదటిసారి ఆ మాట ఒక వస్తువు గురించి అనుకున్నాను.

కోస్గి బస్టాండు వెనకాల ఒక ముసలి మెకానిక్కు ఉండేవాడు, అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. వచ్చి చూసి, కిక్కు మీద కాలు పెట్టాడు. కిక్కు వెంట్రుకవాసి కదల్లేదు. "పిస్టన్ పట్టేసింది బేటా. నేను చెయ్య. నువ్వే చెయ్, ఎట్లనో చెప్త" అన్నాడు. అట్లా ఆదివారం ఆదివారం నేను చర్చి ఎగ్గొట్టి బండి ముందు కూచోవడం మొదలైంది. అమ్మ ప్రార్థనకు పోతూ పోతూ, "దేవునికన్న నీకు గా ఇనుమే ఎక్కువైంది" అని శపించేది.

ప్లగ్గు విప్పి లోపలికి కిరసనాయిలు పోసి, వారం ఆగి మళ్ళీ పోసి, ఇట్లా మూడు ఆదివారాలు. నాలుగో వారం కిక్కు ఒక్క అంగుళం దిగింది. ఆ ఒక్క అంగుళానికి నేను ఎగిరి గంతేశాను. ఒళ్ళు మరిచి కార్బొరేటరు విప్పి, ముక్కలన్నీ పేపరు మీద పరిచాను. అందులో పెట్రోలును సన్నగా వదిలే ఇత్తడి జెట్టు ఒకటి ఉంటుంది, కందిబద్దంత. దాన్ని వాకిట్లో తిరిగే మా కోడి ముక్కున కరుచుకుని ఉరికింది. దాని వెనకాల నేను, నా వెనకాల వాడలో పిల్లలు. చర్చి దగ్గర అది జెట్టును వదిలేసింది గాని, లోపల పాట పాడుతున్న అమ్మ కిటికీలోంచి నన్ను చూసింది. ఇంటికొచ్చాక చీపురుతో నా పెళ్ళి చేసింది.

పెట్రోలు ట్యాంకు లోపలంతా తుప్పు. చింతపండు నీళ్ళు, చిన్న కంకర వేసి ఊపాలన్నాడు ఉస్తాద్. ఏడాదికని అమ్మ దాచుకున్న చింతపండు సగం దొంగిలించాను. ట్యాంకు బరువుకు నా చేతులు పడిపోతుంటే నాయిన కూలి పనినుంచి వచ్చి అటువైపు పట్టుకున్నాడు. పది రోజులు సాయంత్రాలు ఇద్దరం ఎదురెదురుగా నిలబడి ఊపాం. "ఇంకెంత వస్తదిర తుప్పు?" అని నాయిన, "ఇంకా ఎర్రగనే ఉంది" అని నేను. నాయినకూ నాకూ మధ్య అన్ని మాటలు అంతకుముందెప్పుడూ నడవలేదు. నాకు ఆ పది రోజులు చాలా ఇష్టం. ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండేది కూడా వాటి గురించే.

ఒకరోజు ఉస్తాద్ అడిగాడు: "బండి కాగితాలు ఎవరి పేరు మీదున్నయి బేటా?"

ఆ మాట ఇంట్లో అంటే నాయినకు కోపమొచ్చింది. "నోటితోని ఇచ్చిండు గద. మల్ల సంతకం బెట్టు పటేలా అంటే, నీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టు గాదార? గా మాట నేనెట్ల అడుగుత?"

మా దగ్గర జీతగానికీ పటేలుకూ నడుమ కాగితం అనేది ఎప్పుడూ లేదు. జీతం మాట, గింజలు మాట, పెళ్ళికి సాయం మాట. కాగితం అడిగినవాడే తల దించుకోవాలి. నేను ఇంటర్ దాకా చదివాను, దుకాణంలో రోజూ రసీదులు రాస్తాను, అయినా నాకూ అది సిగ్గనిపించింది. సరేలే అనుకున్నాను. నా అంత ఎర్రోడు ఈ మండలంలోనే ఉండడు.

దాదాపు ఏడాది పట్టింది. బండి ఇంజను మొదటిసారి అందుకున్న రోజు వాడంతా తెల్లటి పొగ. ముసలివాళ్ళు దగ్గుతూనే చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన అటు పోగానే నాయిన జేబులోంచి రెండు నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టాడు. అదేంది నాయినా అంటే, "ఏసయ్య చూసుకుంటడు. నిమ్మకాయ ఉంటే మనదేం పోతది?" అన్నాడు. ఆ నిమ్మకాయలు తొక్కించుకుంటూ నాయిన్ని వెనక కూచోబెట్టుకుని కోస్గి దాకా పోయొచ్చాను. దారి పొడుగునా నా భుజం వదల్లేదు.

ఏడు నెలలు తిరిగాను. ఎవరి మొహం చూసీ నవ్వే అవసరం లేకుండా తిరిగాను.

ఆ తరువాత పొలం పాసుబుక్కుల పని మీద పటేలు, కొడుకును తీసుకుని కారులో ఊరికొచ్చాడు. కారు మా వాకిట్లో ఆగింది. కొడుకు దిగీ దిగగానే, "డాడీ, మన బండి!" అని అరిచాడు. చుట్టూ తిరిగాడు, ట్యాంకు నిమిరాడు. ఎట్లా బాగుచేశావని అడిగితే, నేను సంబరంగా కిరసనాయిలు దగ్గర్నుంచి కోడి దాకా అంతా చెప్పాను. తాళం చెవి అడిగితే ఇచ్చాను. ఊరు చుట్టి వచ్చి, దిగకుండానే అన్నాడు: "డాడీ, దీన్ని మన ఫామ్‌హౌస్‌లో పెడదాం."

"ఇది మాది సార్. మీ నాయిననే మాకిచ్చిండు" అన్నాను.

పటేలు కారు దిగలేదు. అద్దం దించి, నా వైపు చూడకుండా మా నాయిన్ని పిలిచాడు. "ఉంచుకొమ్మన్న గని, నీకు రాసిచ్చిన్నార? నువ్వే చెప్పు."

నేను నాయిన మొహం చూశాను. పదిమంది ముందర ఇచ్చాడు గదా. ఆ పదిమందిలో నలుగురు అప్పుడు మా వాకిట్లోనే ఉన్నారు. నాయిన ఒక్కమాట అంటే చాలు, వాళ్ళూ అనేవాళ్ళు.

"లేదు పటేలా" అన్నాడు నాయిన.

అని ఊరుకోలేదు. ఇంట్లోకి పోయి రెండో తాళం చెవి కూడా తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. పటేలు మీద నాకు వచ్చిన కోపం ఒకెత్తు. ఆ రెండు చేతులు చూసి వచ్చిన కోపం ఇంకొకెత్తు. పటేలు మోసం చేస్తాడని ఎక్కడో ఒక మూల ఎదురుచూసే బతికాం. నా ఇంట్లోవాడే నన్ను అప్పజెప్తాడని ఎవడనుకుంటాడు?

"నాతోని ట్యాంకు పట్టుకొని ఊపినవు గద, అప్పుడు అది ఎవ్వరిది నాయినా?" అని గొంతు చించుకున్నాను.

"వాళ్ళది వాళ్ళకిచ్చిన. అండ్ల తప్పేముంది?" అన్నాడు. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

మళ్ళీ బస్సెక్కాను. నాయినతో మాట్లాడటం మానేశాను. ఆయన ఏమో ఊరవతల పటేలు కొడుకు కట్టుకున్న ఫామ్‌హౌస్‌లో కాపలాకు కుదిరాడు. ఒకరోజు మధ్యాహ్నం దుకాణానికి ఫోను చేశాడు. అన్ని నెలల తర్వాత మొదటిసారి.

"బిడ్డా, బండి స్టార్టయితలేదు. చుట్టాలొచ్చిండ్రు. పటేలు కొడుకు మస్తు పరేషానైతుండు. జర వచ్చి చూస్తవా? నీకు తప్ప ఎవ్వరికి రాదని చెప్పిన."

రానని పెట్టేశాను. పది నిమిషాలకు ఎరువుల లోడుతో పోతున్న ఆటో ఎక్కాను. బండి ఎట్లుందో చూడాలనిపించింది, అంతే. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

బండిని ఫామ్‌హౌస్ ముందర పచ్చగడ్డి మీద నిలబెట్టారు. కొత్త రంగు, కొత్త సీటు. పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలో ఎవరికీ తెలియదు, ఎక్కువ పోసి ప్లగ్గును నల్లగా మసి పట్టించారు. గీకి, తుడిచి, కొలత ప్రకారం మళ్ళీ కలిపిన పెట్రోలు పోసి కిక్కు కొట్టాను. మూడో కిక్కుకు అందుకుంది. చుట్టాలు అహో అన్నారు. నాయిన ఉప్పొంగిపోయి, "నా కొడుకే! మొత్తం వాడే చేసిండు!" అని అందరికీ చెప్పాడు. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఎంత కోపం పెట్టుకున్నానో, ఒక్క క్షణంలో సగం కరిగిపోయింది. హ్యాండిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

పటేలు కొడుకు వచ్చి సీటు మీద కూచున్నాడు. చుట్టాలు ఫోన్లు ఎత్తారు. నాయిన నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు:

"జర పక్కకు జరుగు బిడ్డా. ఫోటో తీస్తున్నరు."

జరిగాను. ఆయన్ని ఏనాటికైనా క్షమిస్తానేమో గాని, అట్లా పక్కకు జరిగినందుకు నన్ను నేను క్షమించుకోలేను.