మూడు డెక్కల చప్పుడు

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీ ఖాళీగానే వదిలేశాను. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను.

మెల్‌బోర్న్‌లో చదువుకునేటప్పుడు ఊరి చివర క్రాన్‌బర్న్‌లో బాబాయి వాళ్ళింట్లో ఉండేదాన్ని. తాతయ్య కూడా అక్కడే, మంచం మీద. ఒకప్పుడు తెనాలిలో జట్కా తోలేవాడని మాత్రమే నాకు తెలుసు.

మా యూనివర్సిటీలో చిన్న మ్యూజియం ఉండేది. వారానికి రెండు మధ్యాహ్నాలు అక్కడ పాత వస్తువులకు చీటీలు కట్టేదాన్ని. ఆ రోజు నా ట్రేలో ఆరు ఇనుప ముళ్ళు, ఎప్పటివో మధ్యయుగాలవి. అచ్చం పల్లేరుకాయల్లా ఉన్నాయి. ఎలా విసిరినా మూడు మొనలు నేలకు ఆనుకుని నాలుగోది పైకి నిలబడుతుంది. శత్రువుల గుర్రాలు వచ్చే దారిలో చల్లేవారట.

ఒకటి జారి నా బూటు మీద పడింది. కాలికి తగిలింది కదా అని, అలవాటు కొద్దీ తీసి కళ్ళకద్దుకున్నాను. గ్లవ్స్ తీసేసి మరీ.

“దానికి ముద్దు పెడుతున్నావా ఏంటి?” అని మా సూపర్‌వైజర్ హెలెన్ నవ్వి, టీ తెచ్చుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళింది.

అప్పుడు వినిపించింది, కారిడార్‌లో డెక్కల చప్పుడు. టక్, టక్, టక్. నాలుగోది పడాల్సిన చోట ఈడ్చిన శబ్దం. అది నా వెనకే ఆగింది. మెడ మీద వెచ్చటి ఊపిరి. ఉడికిన ఉలవల వాసన. తిరిగి చూస్తే ఏమీ లేదు. హెలెన్‌కి ఏమీ వినపడలేదట.

ఆ సాయంత్రం తాతయ్యకు జావ తాగిస్తుంటే, నేను నోరు విప్పకముందే ఆయనే అడిగాడు.

“బుల్లోడు నీ దగ్గరికి వచ్చాడా?”

“ఎవరు తాతయ్యా?”

“నా గుర్రం. కాల్లో మేకు దిగింది. రైలు టైమైపోతోందని చూడకుండా స్టేషన్ దాకా తోలాను. మళ్ళీ సరిగ్గా నడవలేదు. ఎవరికో అమ్మేశాను.” జావ గిన్నె పక్కకు నెట్టి, “ఇంకా కుంటుతున్నాడా అమ్మా?” అన్నాడు.

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. అయినా చెప్పాను.

“లేదు తాతయ్యా. బాగా నడుస్తున్నాడు.”

తెల్లారేసరికి తాతయ్య లేడు. ఆయనకెలా తెలిసిందో, ఆ మ్యూజియం గదిలోకి వచ్చిందేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ సాయంత్రం నిద్రలోకి జారుకునే ముందు మాత్రం నా చెయ్యి పట్టుకుని అన్నాడు:

“అయితే కాసిని ఉలవలు పెట్టి పంపించు తల్లీ. చాలా దూరం వచ్చాడు.”